ఆల్ టెరైన్ టైరుకి ఏ లోడ్ రేటింగ్? విశాఖ నుంచి ఏజెన్సీ ఘాట్లెక్కే ఎస్‌యూవీలకు ఎంపిక సలహా

ఆటోనగర్‌లోనో గాజువాకలోనో టైర్ల షాపుకి వెళ్లి "అరకు, పాడేరు తిరగడానికి ఆల్ టెరైన్ (తారుకీ, మట్టి, రాళ్ల దారికీ పనికొచ్చే టైరు) కావాలి" అంటే చాలా చోట్ల వచ్చే జవాబు ఒకటే: "టెన్ ప్లై వేసేయండి సార్, ఇక చూసుకోనక్కర్లేదు." నిజానికి చూసుకోవాల్సింది అక్కడే మొదలవుతుంది. ఆ టెన్ ప్లై టైరుకి డోరు పక్కన స్టిక్కర్ మీదున్న 32 పీఎస్‌ఐ గాలే కొట్టించి బయటికొస్తే, ఇప్పుడే విప్పేసిన పాత టైరు మోసినంత బరువు కూడా అది మోయలేదు. ఎందుకలా అన్నది అర్థమైతే మిగతా ఎంపిక పెద్ద కష్టమేం కాదు.

సైడ్‌వాల్ మీద ఏం రాసుంటుంది

టైరు పక్క గోడ (సైడ్‌వాల్) మీద 245/75 ఆర్ 16 111 ఎస్ అని ఉంటే, 16 వరకు సైజు, చివరి అంకె 111 లోడ్ ఇండెక్స్. అది కిలోలు కాదు, ఒక పట్టికలో వరస నంబరు. ఎస్‌యూవీలకు పనికొచ్చే వరకు చూస్తే: 96 అంటే 710 కిలోలు, 100 అంటే 800, 107 అంటే 975, 108 అంటే 1000, 110 అంటే 1060, 111 అంటే 1090, 112 అంటే 1120, 115 అంటే 1215, 120 అంటే 1400, 121 అంటే 1450. ఇది ఒక్క టైరు మోసే గరిష్ఠ బరువు. దాని పక్కనున్న అక్షరం వేగానిది. క్యూ 160, ఆర్ 170, ఎస్ 180, టీ 190, హెచ్ 210 కిలోమీటర్లు. మన రోడ్ల మీద వేగం అక్షరంతో పెద్ద ఇబ్బంది రాదు. బండి ఓనర్స్ మాన్యువల్‌లో ఉన్నదానికి తగ్గకుండా చూసుకుంటే చాలు.

ఆ అంకెకి వెనక ఒక షరతు దాగి ఉంటుంది. ఎంత గాలి ఉంటే ఆ బరువు మోస్తుంది? అక్కడే మూడు రకాల టైర్లు విడిపోతాయి.

మామూలు టైరు, అంటే స్టాండర్డ్ లోడ్. దీని పూర్తి బరువు 35, 36 పీఎస్‌ఐ దగ్గరే వచ్చేస్తుంది. రెండోది ఎక్స్‌ఎల్, అంటే ఎక్స్‌ట్రా లోడ్. దానికి 41, 42 పీఎస్‌ఐ కావాలి. మూడోది సైజుకి ముందు "ఎల్‌టీ" అని ఉండేది, లైట్ ట్రక్ టైరు. ఇందులో మళ్లీ లోడ్ రేంజ్ సి అయితే 50, డి అయితే 65, ఇ అయితే 80 పీఎస్‌ఐ దగ్గర పూర్తి బరువు. షాపుల్లో సిక్స్ ప్లై, ఎయిట్ ప్లై, టెన్ ప్లై అనేవి వరసగా ఈ సి, డి, ఇలే. లోపల పది పొరలేమీ ఉండవు. నూలు గుడ్డ పొరలతో టైర్లు చేసిన కాలంలో పది పొరలకు ఎంత బలముండేదో అంత బలమని అర్థం. ఇప్పుడు సైడ్‌వాల్‌లో నిజంగా ఉండేవి రెండో మూడో పాలియెస్టర్ పొరలు. ఎన్నో తెలుసుకోవాలంటే టైరు మీదే చిన్న అక్షరాలతో ట్రెడ్‌లో (రోడ్డుకి తగిలే భాగంలో) ఎన్ని, సైడ్‌వాల్‌లో ఎన్ని అని అచ్చు వేసి ఉంటుంది. షాపువాడి మాట కన్నా ఆ వరస నమ్మండి.

ఎల్‌టీ టైర్ల మీద 120/116 అని రెండు అంకెలుంటాయి. మొదటిది ఒంటి చక్రానికి, రెండోది వెనక జంట చక్రాలుండే బళ్లకు. మీకు కావాల్సింది మొదటిదే. సైజు చివర 16సి అని రిమ్ము అంకెకి అంటుకుని కనిపించే "సి" వేరే సంగతి. అది వ్యాన్లకు వేసే కమర్షియల్ టైరు గుర్తు, లోడ్ రేంజ్ సి కాదు. ఈ రెండూ కలిపేసుకుని ఆర్డర్ పెట్టేవాళ్లు తక్కువేం లేరు.

ఒకే సైజు, వేర్వేరు లెక్క

థార్ ఏఎక్స్ రకంలో వచ్చిన 245/75 ఆర్ 16 సైజునే తీసుకుందాం. స్టాండర్డ్ లోడ్‌లో దీని ఇండెక్స్ 111. అంటే 36 పీఎస్‌ఐ దగ్గర 1090 కిలోలు. 32కి దించితే లెక్క ప్రకారం దాదాపు 980 మోస్తుంది.

ఇప్పుడు అదే సైజు ఎల్‌టీ. గాలిని బట్టి ఇది మోసే బరువు సుమారుగా ఇలా పెరుగుతుంది: 35 పీఎస్‌ఐ దగ్గర 770 కిలోలు, 40 దగ్గర 845, 45 దగ్గర 920, 50 దగ్గర 1000, 65 దగ్గర 1190, 80 దగ్గర 1400కి కాస్త అటూ ఇటూ. సి రేంజ్ 50 దగ్గరే ఆగిపోతుంది, ఇ రేంజ్ 80 దాకా వెళ్తుంది. 50 లోపల సి అయినా ఇ అయినా మోసేది ఒకటే. టైరు గోడ ఎంత మందమైనా బరువుని మోసేది లోపలి గాలి. గోడ చేసేదల్లా ఆ గాలిని ఎంత ఒత్తిడి దాకా పట్టి ఉంచగలదన్నదే.

అందుకే 35 పీఎస్‌ఐ దగ్గర 1060 దాకా మోసే టైరు తీసేసి, అదే గాలితో 770 మోసేది వేస్తే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. అలా వేసినా ఊళ్లో తిరుగుతున్నన్నాళ్లూ ఏమీ తెలియదు. ఐదుగురు ఎక్కి, డిక్కీ నింపి, మే నెల మధ్యాహ్నం హైవే మీద వంద దాటి గంటసేపు పోతే అప్పుడు టైరు భుజాల దగ్గర వేడి పుడుతుంది. బరువు ఎక్కువ, గాలి తక్కువ కాబట్టి చక్రం తిరిగిన ప్రతిసారీ మందమైన గోడ వంగి లేస్తుంది. ఆ వంపే వేడి. మందం పెరిగిన కొద్దీ వేడి బయటికి పోవడం కష్టం. ఒక స్థాయి దాటితే ఉక్కు బెల్టుకీ రబ్బరుకీ మధ్య అతుకు విడిపోవడం మొదలవుతుంది. పైకి ముందు కనిపించేది ట్రెడ్ మీద చిన్న ఉబ్బు, స్టీరింగ్‌లో వణుకు. చాలామంది దాన్ని బ్యాలెన్సింగ్ పోయిందనుకుంటారు.

ఎక్స్‌ఎల్ విషయంలోనూ ఇదే తంతు, కాకపోతే చిన్న స్థాయిలో. 245/70 ఆర్ 16 స్టాండర్డ్‌లో 107, ఎక్స్‌ఎల్‌లో 111. కాగితం మీద 115 కిలోలు ఎక్కువ. కానీ 36 పీఎస్‌ఐ గాలి పెడితే రెండూ దాదాపు 970 దగ్గరే నిలుస్తాయి. అదనపు బరువు కావాలంటే 42 కొట్టించాల్సిందే. లేదంటే ఎక్స్‌ఎల్‌కి ఇచ్చిన డబ్బు గోడ గట్టిదనానికి మాత్రమే ఇచ్చినట్టు.

ఇంకో తిరకాసు చూడండి. చాలామంది పెద్ద సైజుకి వెళ్లేటప్పుడు తీసుకునే 265/70 ఆర్ 17 స్టాండర్డ్ లోడ్ ఇండెక్స్ 115. అదే సైజు ఎల్‌టీ సి రేంజ్ 112. "ట్రక్కు టైరు"కి తక్కువ అంకె, "కారు టైరు"కి ఎక్కువ అంకె! లోపం కాదు, రెండు లెక్కలూ వేర్వేరు ప్రమాణాల నుంచి వచ్చాయి. అమెరికా నిబంధనల్లో కారు టైరుని ఎస్‌యూవీకో పికప్‌కో వేసినప్పుడు దాని బరువుని 1.1తో భాగించి చూడాలంటారు. అలా చేస్తే 1215 కాస్తా 1104 అవుతుంది, 1120 మోసే సి రేంజ్ దానికన్నా తక్కువేం కాదు. కానీ మన దగ్గర ఇన్సూరెన్స్ సర్వేయరో, సర్వీస్ సెంటర్ మనిషో ఈ భాగహారం చేయడు. మాన్యువల్‌లో 111 ఉండి టైరు మీద 108 కనిపిస్తే అతనికి కనిపించేది తక్కువ అంకె మాత్రమే. కాబట్టి పాత ఇండెక్స్‌కి తగ్గని అంకె ఉన్నదే కొనండి. వాదించి గెలవడానికి అది చోటు కాదు.

షాపుకి ముందు కాటాకి

లోడ్ రేటింగ్ గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్లలో తమ బండి బరువు తెలిసినవాళ్లు అరుదు. విశాఖలో ఇది తెలుసుకోవడం చాలా తేలిక. లారీలు తిరిగే పోర్టు రోడ్లు, గాజువాక, ఆటోనగర్ చుట్టూ ధర్మకాటాలకు కొదవలేదు.

ట్రిప్పుకి వెళ్లేటప్పుడు ఎలా వెళ్తారో అలాగే రండి. ట్యాంకు నిండా డీజిల్, మనుషులందరూ సీట్లలో, సామాను డిక్కీలో, పైన క్యారియర్ ఉంటే దాని మీదది దాని మీదే. ముందు చక్రాలు రెండే ప్లేటు మీదకి ఎక్కించి ఒక తూకం, తర్వాత బండి మొత్తం ఎక్కించి ఒకటి, ముందు చక్రాలు దించేసి వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఇంకొకటి. ముందూ వెనకా కలిపితే మొత్తానికి దగ్గరగా రావాలి. పెద్ద కాటాలు 5, 10 కిలోల మెట్లలో చూపిస్తాయి కాబట్టి పది, ఇరవై తేడా పట్టించుకోవద్దు. ప్లేటుకి, పక్క రోడ్డుకి ఎత్తు తేడా లేకుండా ఉన్న కాటా చూసుకోండి. ఏటవాలుగా నిలబడితే వెనక బరువు తప్పు వస్తుంది.

ఉదాహరణకి చీటీలో ముందు 1010, వెనక 1190, మొత్తం 2200 వచ్చిందనుకుందాం. వెనక ఒక్కో టైరు మీద 595. ఘాట్ మలుపుల్లో బరువు బయటి చక్రం మీదికి ఒరుగుతుంది, సామాను ఎప్పుడూ రెండు పక్కలా సమంగా ఉండదు. అందుకని ఐదో వంతు కలిపితే 715. ఈ బండికి 111 ఇండెక్స్ ఉన్న స్టాండర్డ్ టైరు 32 పీఎస్‌ఐతోనే చాలినంత మోస్తోంది, పైన రెండు వందల అరవై కిలోలకు పైగా మిగులు. బరువు కోసం ఈ బండికి ఇ రేంజ్ అక్కర్లేదు. చాలా ఎస్‌యూవీల లెక్క ఇలాగే తేలుతుంది.

జిమ్నీ సంగతి ఇంకా స్పష్టం. ఐదు డోర్ల జిమ్నీ పూర్తి లోడుతో ఉండాల్సిన గరిష్ఠ బరువు 1545 కిలోలు. కంపెనీ వేసే 195/80 ఆర్ 15 96 ఎస్ టైర్లు నాలుగూ కలిపి 2840 మోస్తాయి. దీనికి టెన్ ప్లై వేయడమంటే చిన్న పిల్లాడికి మిలిటరీ బూట్లు తొడిగినట్టే.

వెనక బరువు ఎలా పెరుగుతుందో కూడా చూసుకోండి. ఐదుగురు పెద్దవాళ్లు 350 కిలోలు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు 40. రూఫ్ టెంటు 60 దాకా. రిమ్ముతో సహా రెండో స్టెప్నీ 30 పైనే. వెనక ఇరుసుకి ఆవల, అంటే వెనక తలుపు మీదో బంపర్ మీదో వేలాడే బరువు ఇంకా మోసగాడు. త్రాసులో లాగా ముందు భాగాన్ని కాస్త పైకి లేపి, తన అసలు బరువు కన్నా ఎక్కువే వెనక టైర్ల మీద వేస్తుంది. సామాను పెంచుకుంటూ పోతే టైరు కన్నా ముందు బండి ఇరుసు, స్ప్రింగులు, బ్రేకులు వాటి హద్దు దాటతాయి. లోడ్ ఇండెక్స్ పెంచినంత మాత్రాన బండి మోసే హద్దు ఒక్క కిలో కూడా పెరగదు.

మరి ఇ రేంజ్ ఎవరికి?

బరువు కోసం కాకపోతే, కోతల కోసం. అసలు ప్రశ్న ఇదే, దీన్ని బరువుతో కలిపేయడమే గందరగోళానికి మూలం. ఎల్‌టీ టైర్లలో సాధారణంగా ట్రెడ్ లోతు ఎక్కువ, కింద రబ్బరు మందం, కంకర మీద ముక్కలు లేవకుండా గట్టి మిశ్రమం, కొన్నిటికి మూడు పొరల గోడ. ట్రెడ్‌లో దిగిన మేకుకి పంచర్ వేసి పోవచ్చు. గోడ చీలితే ఏ పంచర్ షాపూ బాగు చేయలేదు, చేస్తానన్నా చేయించుకోకూడదు.

కాబట్టి మీ దారి ఏదో చూసుకోండి. శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాటెక్కి అరకు వెళ్లి రావడం, పాడేరు వెళ్లి లంబసింగి చూసి చింతపల్లి వైపు తిరిగి రావడం, ఇవన్నీ తారు రోడ్లే. మధ్యలో వెడల్పు పనులు జరిగే చోట మెటల్ పరిచిన ముక్కలు, వానాకాలం కోసుకుపోయిన అంచులు వస్తాయి. వీటికి స్టాండర్డ్ లేదా ఎక్స్‌ఎల్ ఆల్ టెరైన్ హాయిగా చాలు. పైగా తడి ఘాట్ రోడ్డు మీద బ్రేకు పట్టు విషయంలో మెత్తటి రబ్బరు ఉన్న మామూలు టైరే మేలు. జూలై, ఆగస్టుల్లో అనంతగిరి దిగేటప్పుడు మీకు కావాల్సింది మూడో పొర కాదు, తడి పట్టు.

బొర్రా దగ్గర నుంచి కటికి జలపాతానికి వెళ్లే జీపు దారి వేరు. వంజంగి కొండ దారి లాంటివీ వేరే. తూర్పు కనుమల్లో మన వైపు ఎక్కువగా ఉండేది ఖొండలైటు రాయి. పైన మెత్తగా శిథిలమై ఎర్రమట్టిగా మారుతుంది, కానీ అందులోని గట్టి పలుగురాయి ముక్కలు అంచులు అరగకుండా మిగిలిపోతాయి. వాన పడితే ఎర్రమట్టి జారి, చక్రం పక్కకి జరిగి, గోడ వెళ్లి ఆ అంచుకి ఒరుసుకుంటుంది. గోడలు చీలేది ఎక్కువగా ఇలాగే. నెలకి రెండుసార్లు ఇలాంటి దారులు పట్టేవాళ్లకి ఎల్‌టీ అర్థవంతమైన ఖర్చు. పాత ఇండెక్స్‌కి తగ్గని సి రేంజ్ దొరికితే తేలిక బళ్లకి అదే సరైన మధ్యేమార్గం. దొరకక ఇ తీసుకోవాల్సి వస్తే కింద చెప్పే గాలి లెక్క తప్పదు.

బీచ్ ఇసుక కోసం అడిగేవాళ్లు కూడా ఉన్నారు. ఇసుకలో టైరు పరుచుకోవాలి. గట్టి గోడ ఇ రేంజ్ పరుచుకోదు, పారలా దిగబడుతుంది. ఆ మాటకొస్తే మన తీరం ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. ఇసుక మీద బండి నడపాలన్న ముచ్చటే మానుకుంటే మంచిది.

బండి వారీగా చెప్పాలంటే: జిమ్నీకి స్టాండర్డ్ లోడ్, అంతే, చర్చ లేదు. థార్, గూర్ఖా లాంటి వాటికి వారాంతపు ఘాట్ ప్రయాణాలైతే స్టాండర్డ్ లేదా ఎక్స్‌ఎల్, రాళ్ల దారులైతే పాత ఇండెక్స్‌కి తగ్గకుండా దొరికితే ఎల్‌టీ సి, లేదంటే ఇ. స్కార్పియో-ఎన్, ఫార్చ్యూనర్‌లలో ఏడుగురూ ఎక్కి సామానుతో హైవే మీద వెళ్లేవాళ్లకి 42 పీఎస్‌ఐతో నడిపే ఎక్స్‌ఎల్ మంచి జోడీ. హైలక్స్, వీ-క్రాస్ లాంటి పికప్‌ల వెనక తొట్టిలో నిజంగా సరుకు వేసి ఏజెన్సీలోకి తిప్పేవాళ్లకే ఇ రేంజ్ అచ్చంగా పుట్టింది. ఆ బళ్లలో కూడా తొట్టి ఖాళీగా ఉన్న రోజు వెనక చక్రాలు గతుకుల మీద ఎగురుతూనే ఉంటాయి.

అంగడిలో ఒకే పేరుతో రెండు రకాలూ వస్తాయన్నది మరిచిపోవద్దు. ఉదాహరణకి యోకోహామా జియోలాండర్ ఆల్ టెరైన్ జీ015 కొన్ని సైజుల్లో మామూలు రకంగా, కొన్నిట్లో ఎల్‌టీగా ఉంటుంది. మోడల్ పేరు చెప్పి ఊరుకోకండి. సైజు, ఇండెక్స్, ఎల్‌టీ ఉందో లేదో, లోడ్ రేంజ్ అక్షరం, అన్నీ కోట్‌లో రాయించుకోండి.

ఎల్‌టీ వేశాక గాలి

స్టిక్కర్ మీది అంకె కంపెనీ టైరు కోసం. ఎల్‌టీ వేసిన రోజు నుంచి అది మీకు పనికిరాదు. అలాగని 80 కొట్టించడమూ తప్పే. 80 అన్నది గరిష్ఠ హద్దు, వాడాల్సిన గాలి కాదు.

245/75 ఆర్ 16 లెక్కే కొనసాగిద్దాం. పాత టైరు 32 దగ్గర 980 మోసేది. 1.1తో భాగిస్తే 890. ఎల్‌టీ ఆ బరువు మోయాలంటే 43, 44 పీఎస్‌ఐ. ఫుల్ లోడుతో హైవే మీదికి వెళ్లేటప్పుడు ఇదే పెట్టండి. ఒకరో ఇద్దరో ఎక్కి ఊళ్లో తిరిగే రోజుల్లో, మీ కాటా చీటీ వెనక చక్రానికి 600 లోపు చూపిస్తే 38 దాకా దించుకోవచ్చు. అక్కడ టైరు 815 దాకా మోస్తుంది. అంతకన్నా కిందికి తారు రోడ్డు మీద వద్దు. తేలిక బండికి 50 పెట్టి తిరిగితే ట్రెడ్ నడిమి భాగం ముందే అరిగిపోతుంది, కంకర మీద బండి నిలకడగా ఉండదు.

సరైన గాలి అవునో కాదో చూసుకోవడానికి సుద్దముక్క చాలు. ట్రెడ్ మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా మందంగా గీత గీయండి. తిన్నటి రోడ్డు మీద వంద మీటర్లు నిదానంగా నడిపి దిగి చూడండి. నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ. రెండు అంచుల్లో చెరిగి నడుమ గీత మిగిలితే తక్కువ. ఒక అంచు మాత్రమే చెరిగితే గాలి సంగతి కాదు, అలైన్‌మెంట్ చూపించుకోవాలి. ముందూ వెనకా వేర్వేరుగా గీసి చూడండి, బరువు వేరు కాబట్టి అంకె కూడా వేరుగా రావడం సహజం.

రెండో పరీక్ష వేడితో. ఉదయం బండి కదలకముందు గాలి రాసుకోండి. తుని వైపు హైవే మీద ఒక గంట మామూలు వేగంతో వెళ్లి ఆగిన వెంటనే మళ్లీ చూడండి. మామూలు టైరైతే 4, ఎల్‌టీ అయితే 6 పీఎస్‌ఐ దాకా పెరగడం ఫర్వాలేదు. అంతకు మించి పెరిగిందంటే పొద్దున్న పెట్టింది తక్కువ, గోడ ఎక్కువ వంగి వేడెక్కుతోంది. మర్నాడు రెండు పీఎస్‌ఐ పెంచి మళ్లీ చూడండి. వేడి మీదున్న టైరు నుంచి మాత్రం "పెరిగింది కదా" అని గాలి తీయకండి. పంచర్ షాపుల్లో జరిగే అతి మామూలు తప్పు ఇది.

చలికాలంలో పైకి వెళ్లేవాళ్లకి ఇంకో చిన్న లెక్క. విశాఖలో సాయంత్రం 28 డిగ్రీల దగ్గర 36 పీఎస్‌ఐ పెట్టి, మర్నాడు తెల్లవారుజామున అరకులో 8 డిగ్రీల దగ్గర చూస్తే చలి వల్ల మూడుంపావు, మూడున్నర పీఎస్‌ఐ పడిపోతుంది. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, అక్కడ బయటి గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి గేజి ఒకటిన్నర పెంచి చూపిస్తుంది. రెండూ కలిస్తే గేజి మీద కనిపించేది 34. 44 పెట్టిన ఎల్‌టీలో చలి దెబ్బ నాలుగు దాకా ఉంటుంది, గేజి మీద 41, 42 చూపిస్తుంది. టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించే టీపీఎంఎస్ లైటు తెల్లవారుజామున వెలిగి, కాసేపు నడిపాక ఆరిపోవడం ఇందుకే. పంచర్ అనుకుని కంగారు పడక్కర్లేదు. కిందికి దిగాక విశాఖ వేడిలో మళ్లీ పాత అంకె వస్తుంది, కాబట్టి పైన గాలి నింపితే కింద చల్లబడ్డాక ఒకసారి చూసి సరిచేసుకోండి.

రాళ్ల దారి మొదలయ్యే చోట గాలి దించాలి. స్టాండర్డ్ టైరు 20, 22 దగ్గర చక్కగా వంగి రాయిని హత్తుకుంటుంది. ఇ రేంజ్ అదే పట్టు ఇవ్వాలంటే 16, 18 దాకా దించాలి. గోడ గట్టిది కదా, వంగడానికి మొరాయిస్తుంది. దించిన గాలితో 30 కిలోమీటర్ల వేగం దాటొద్దు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఎక్స్‌లరేటర్ తొక్కొద్దు, బీడింగ్ (రిమ్ముని పట్టుకుని ఉండే టైరు అంచు) రిమ్ము మీద నుంచి ఊడొచ్చే ప్రమాదముంది. తారు ఎక్కకముందే తిరిగి నింపుకోవాలి. 12 వోల్టుల చిన్న కంప్రెసర్ ఇ రేంజ్ టైర్లు నాలుగింటినీ 18 నుంచి 44కి తేవాలంటే మధ్యలో వేడెక్కి ఆగిపోతుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టేది కాకుండా నేరుగా బ్యాటరీకి క్లిప్పులు పెట్టే రకం కొనుక్కోండి.

రిమ్ము, వాల్వు, స్టెప్నీ

టైరు 1400 మోస్తుంది సరే, రిమ్ము? ఆఫ్టర్‌మార్కెట్ అల్లాయ్‌ల వెనక, స్పోక్ లోపలి వైపు, ఎన్ని కిలోలకు చేసిందో పోత అక్షరాల్లో ఉంటుంది. కాటా చీటీలోని ఒక్కో చక్రం బరువుకి అది బాగా పైన ఉండాలి. ఆ అంకె అసలు లేని అల్లాయ్‌ని ఘాట్లెక్కించకండి.

మామూలు రబ్బరు వాల్వులు 65 పీఎస్‌ఐ దాకా పనికొచ్చేవి. పికప్‌లో సరుకు వేసి అంతకన్నా ఎక్కువ గాలి పెట్టేవాళ్లు ఇత్తడి బిగింపు వాల్వు వేయించుకోవాలి. సముద్రపు గాలి ఉన్న ఊరు మనది, కాబట్టి మూతలు లేకుండా వదిలేస్తే వాల్వు లోపలి పిన్నుకి ఉప్పు పట్టి నెమ్మదిగా గాలి దిగుతుంది. పంచర్ కనిపించక, వారానికి రెండు పీఎస్‌ఐ పోతున్న టైర్లలో చాలావాటికి మొదట చూడాల్సింది ఈ పిన్నే. రిమ్ము అంచు తుప్పు తర్వాత చూడండి.

స్టెప్నీతో కలిపి ఐదూ ఒకే సైజు, ఒకే రకం ఉండాలి. నాలుగు ఎల్‌టీలు వేసి స్టెప్నీ పాతది ఉంచితే, ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఉన్నప్పుడు చుట్టుకొలత తేడా వల్ల ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే భాగం) మీద ఒత్తిడి పడుతుంది. పైగా 44 కొట్టించుకునే టైర్ల మధ్య 32ది ఒకటి చేరుతుంది. ఎల్‌టీ టైరు ఒక్కోటి మామూలుదానికన్నా మూడు నుంచి ఆరు కిలోలు ఎక్కువ బరువు. వెనక తలుపుకి స్టెప్నీ వేలాడే బళ్లలో కొన్నాళ్లకి తలుపు కీళ్ల దగ్గర గలగల మొదలైతే కారణం అదే. కీళ్ల బోల్టులు, రబ్బరు బుష్‌లు ఆరు నెలలకోసారి బిగించి చూడండి.

టైరు తీసుకునేటప్పుడు తయారీ తేదీ కోసం నాలుగంకెల కోడు వెతకండి. 1425 అంటే 2025లో 14వ వారం. తక్కువ అమ్ముడుపోయే ఎల్‌టీ సైజులే ఎక్కువ కాలం షాపు అటక మీద ఉండిపోతాయి, కాబట్టి ఐదు టైర్ల మీదా విడివిడిగా చూడాలి. ఐఎస్‌ఐ గుర్తు లేనిది ఎంత చవకైనా వద్దు. బిగించాక బిల్లు మీద ఇండెక్స్, లోడ్ రేంజ్ రాయించుకుని, డోరు స్టిక్కర్ పక్కనే మీ కొత్త గాలి అంకెలు రెండు వరసల్లో రాసి అంటించండి: ఖాళీకి ముందు ఇంత వెనక ఇంత, నిండు లోడుకి ముందు ఇంత వెనక ఇంత. గాలి కొట్టే కుర్రాడు చూసేది ఆ స్టిక్కర్‌నే.